కారులో ఖరగ్‌పూర్ మీదుగా

విజయనగరం నుంచి జంషెడ్‌పూర్‌కి కారులో వెళ్లే ఉద్దేశం మీకెవరికైనా ఉంటే ఖరగ్‌పూర్ వెళ్లకండి. బాలేశ్వర్ దగ్గరే ఎడమకి తిరిగి బారిపదా మీదుగా పొండి. పెట్రోలు కలిసొస్తుంది, టైము కలిసొస్తుంది, నడిపే మొగుడు సణగడు. మేం మాత్రం ఖరగ్‌పూర్ వెళ్లాం. ఎందుకెళ్లామో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నేను ఒక చిన్న ప్రచురణ సంస్థకి ప్రూఫులు దిద్దుతాను. పొద్దున్న లేస్తే ఒత్తులూ దీర్ఘాలే నా లోకం. పెళ్లి శుభలేఖ వచ్చినా ముందు తప్పులు చూసి, ఆ తర్వాతే పెళ్లి ఎవరిదో చూస్తానని మా ఆయన అందరికీ చెప్తుంటాడు. మా ప్రచురణకర్త ఒకప్పుడు వారపత్రికల్లో వచ్చిన సరదా నవలలు మళ్లీ వేద్దామన్నప్పుడు నేను ఆలోచించకుండా చెప్పిన పేరు ‘పక్కసీటు పద్మావతి’. రచయిత్రి హేమపుష్ప.

కథ పెద్దగా లేదు. పద్మావతి బట్టల కొట్టువారి అమ్మాయి, నోరు మూతపడదు. ప్రసాదు మెకానిక్కు, నోరు తెరవడు. విజయనగరంలో అమ్మేసిన అంబాసిడర్ కారుని టాటాలో, అంటే జంషెడ్‌పూర్‌లో, కొన్నవాళ్లకి అప్పగించాలి. వెనక సీట్లో పద్మావతి నాయనమ్మ, ఎప్పుడూ నిద్రే. దారంతా తగువు, ఆఖరికి ప్రేమ. ఈ ప్రసాదుకి ఒక వింత అలవాటు. దారిలో కనబడిందల్లా పైకి అంటాడు. “గేటు తెరిచుంది” అంటాడు. పద్మావతి తిరిగి “తెరిచుంది” అనాలి. అనకపోతే కారు కదలదు. అలిగినప్పుడు ఆ పిల్ల అనదు. అలా రోడ్డు పక్కన కారు ఆగిపోయి, రెండు ప్రకరణాల తర్వాత ఆమె మెల్లిగా “తెరిచుంది” అన్నచోట మా హాస్టల్లో ఏడవని ఆడపిల్ల లేదు. మెస్సుకి పిలవడానికి కూడా మేం ఒకరికొకరం ఆ మాటే అనుకునేవాళ్లం.

హేమపుష్ప ఏ నవల తీసుకున్నా ఇదే వరస. ఇద్దరు మనుషులు, ఒక బండి, ముందు సీటు. హీరోకి టీ పెట్టడం వచ్చు. హీరోయిన్ ఏడవదు. ఇంకో సంగతి, ఎవరూ ఊరు చేరరు. చేరబోతుండగా కథ అయిపోతుంది. ఆ ముగింపులు అర్ధాంతరమని తిట్టుకునేవాళ్లూ ఉండేవారు. నాకు అవంటేనే ఇష్టం. బాగా రాస్తున్న రోజుల్లోనే ఆవిడ ఉన్నట్టుండి రాయడం మానేసింది.

ఆమె అసలు పేరు సన్యాసమ్మ అనీ, జంషెడ్‌పూర్‌లో ఉంటారనీ తెలిసి ఫోన్ చేశాను. “ఆ పుస్తకం ఎయ్యొద్దమ్మా. అదంతా తప్పు. దాన్నలగ సచ్చిపోనీ” అని పెట్టేశారు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. పోనీ ఇంకో నవల చూసుకుందాం అన్నాడు ప్రచురణకర్త. నేను కుదరదన్నాను. ఆవిడ ఒప్పుకోకపోతే ఆ పుస్తకం మా తరంతోనే పోతుంది. పద్మావతి వెళ్లిన దారినే వెళ్లి, ఆ ఊళ్ల కబుర్లు చెప్తూ ఎదురుగా కూర్చుని అడిగితే మెత్తబడతారేమోనని నా ఆశ. మా ఆయనకి కొత్త కారు మోజు ఇంకా తీరలేదు. బయలుదేరాం.

పలాస

నవల్లో పలాస రాగానే జీడిపప్పు అమ్మేవాళ్లు బండి పూర్తిగా ఆగకుండానే కిటికీలమ్మట పరిగెత్తుకొస్తారు. పద్మావతి కూర్చున్న చోటు నుంచి కదలకుండా బేరమాడుతుంది. మేం హైవే మీద కారాపి అద్దం దించుకుని చాలాసేపు కూర్చున్నాం. ఒక్క కుక్క వచ్చి చూసి పోయింది.

చివరికి నేనే దిగి కొట్లోకి వెళ్లాను. కిలో ధర విని మా ఆయన కారులోంచి దిగనేలేదు. కొట్టావిడ రెండు రకాలు అరచేతిలో పోసి, “ఏటమ్మా, గుళ్లా బద్దలా?” అంది. పావుకిలో బద్దలు కట్టించుకుంటూ, కార్ల దగ్గరికే తెచ్చి ఎవరూ అమ్మరా అని ఆవిణ్ని అడిగాను.

“కారు కాడికెవులొత్తారమ్మా? నువ్వే రావాల” అని నవ్వింది.

కాలం మారిపోయిందనుకున్నాను.

చిలకా పక్కన, కటక్‌లో

చిలకా సరస్సు దగ్గర పద్మావతి కిటికీలోంచి చెయ్యి చాపితే నీళ్లు తగిలేంత దగ్గరగా వెళ్తుంది కారు. మాకు నీళ్లు దూరంగా, చెట్ల సందుల్లోంచి, అదీ నేను మెడ సాచి చూస్తే కనబడ్డాయి. మాకూ ఆ నీళ్లకీ మధ్య నుంచి రైలొకటి హాయిగా వెళ్లిపోయింది. అప్పటికీ నాకు వెలగలేదు.

“మీ హేమపుష్ప ఏ రోడ్డు మీద వెళ్లిందే బాబూ?” అన్నాడు మా ఆయన. పాత రోడ్డు వేరుగా ఉండేదేమోనన్నాను. ప్రూఫులు చూసేవాళ్లకి అచ్చులో ఉన్నదాన్ని నమ్మే జబ్బు ఉంటుంది.

కటక్‌లో దహీబరా తిన్నాం. పల్చటి మజ్జిగలో నానిన గారెల మీద ఎర్రటి బంగాళాదుంప కూర, దాని మీద ఉల్లిపాయ ముక్కలు. మన పెరుగుగారె మీద ఎవరైనా అలా కూర పోస్తే మా అత్తగారు వాళ్లింటి గడప తొక్కరు. నేను మాత్రం రెండో దొప్ప అడిగాను. అంతా తిని దొప్ప పారెయ్యబోతుంటే పక్కన నిలబడ్డ ఒడియా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. చివర్న ఆ పుల్లటి మజ్జిగ ఇంకాస్త పోయించుకుని తాగాలట. భాష రాకపోయినా ఆవిడ నన్ను కోప్పడిందని అర్థమైంది. తాగాను. ఆవిడే రైటు.

ఖరగ్‌పూర్

బాలేశ్వర్ దగ్గర మా ఇద్దరికీ తగువు పడింది. ఫోన్‌లో మ్యాపు ఎడమకి తిరగమంటోంది. నవల నేరుగా ఖరగ్‌పూర్ పొమ్మంటోంది.

“బుద్ధున్నవాడెవడైనా ఖరగ్‌పూర్ దాకా పోయి మళ్లీ వెనక్కొస్తాడా?” అన్నాడు మా ఆయన.

“ప్రసాదు వెళ్లాడు.”

“ప్రసాదుకి జీతమిస్తున్నారు. నాకెవరిస్తారు?”

వెళ్లాం. ఎందుకంటే నవలకి గుండెకాయ ఖరగ్‌పూర్. అక్కడొక హోటలుంటుంది. దాని అరుగు ఎంత పొడవంటే ఈ చివర నిలబడితే ఆ చివర మనిషి చీమంత. ఆ అరుగు మీద ప్రసాదూ పద్మావతీ పోట్లాడుకుంటూ నడుస్తారు, నడుస్తూ నడుస్తూ పోట్లాట మర్చిపోతారు. ఈలోగా కారు ‘ముఖం తిప్పుకుంటూ’ ఉంటుంది. ఆ ముక్క మేమంతా కవిత్వం అనుకున్నాం.

ఆ ఊళ్లో రైల్వే పనికొచ్చి స్థిరపడిన తెలుగువాళ్లకి కొదవ లేదు. బజార్లో ఇడ్లీ బండి పెట్టుకున్నావిడ మా మాట విని పలకరించింది. ఆవిణ్ని అడిగాను, పొడుగు అరుగున్న హోటలేదైనా ఉందా అని. గరిటె గాల్లో ఆపి కాసేపు ఆలోచించింది.

“అంత పొడుగు అరుగు ఈ ఊర్లో ఒకటే ఉందమ్మా. టేసన్లో.”

ప్లాట్‌ఫారం టికెట్లు కొనుక్కుని లోపలికెళ్లాం. నిజమే, ఆ చివర మనుషులు చీమలే. టీ కొనుక్కుని నిలబడ్డాం. ఒక బండొచ్చి ఆగింది. అది పూర్తిగా ఆగకుండానే అమ్మేవాళ్లు కిటికీలమ్మట పరిగెత్తారు. తర్వాత ముందున్న ఇంజన్ విప్పుకుని వెళ్లి, కాసేపటికి బండికి రెండో చివర తగులుకుంది. ఇప్పటిదాకా తోక అయినది తల అయింది. బండి ముఖం తిప్పుకుంది!

మా ఆయన టీ ఒలకబోసుకుని మరీ నవ్వాడు. పలాస కిటికీలు, చిలకా నీళ్లు, ఈ అరుగు, అన్నీ ఒక్కసారి నా కళ్లముందు వరసకట్టాయి. ఆ మహాతల్లి తెలుగు పాఠకులందరినీ అంబాసిడర్ కారులో కూర్చోబెట్టి పట్టాల మీద నడిపించింది. నేనూ కళ్లనీళ్లొచ్చేలా నవ్వాను. ఆ తర్వాత “అదంతా తప్పు, సచ్చిపోనీ” అన్న ఆవిడ గొంతు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

బారిడీహ్

జంషెడ్‌పూర్‌లోని బారిడీహ్‌లో, స్టీలు కంపెనీ పనివాళ్ల ఇళ్ల మధ్య సన్యాసమ్మగారి చిన్న డాబా. భర్త అప్పలనాయుడుగారు ఆ ఊరి స్టేషన్ టాటానగర్‌లో రైలు డ్రైవరుగా చేసి రిటైరయ్యాక కట్టుకున్నారట. ఆయనే గేటు తీశారు, మేమెవరమో ఎక్కణ్నుంచి వచ్చామో చెప్పాను. మనిషి పొడవు, నడక నిటారు.

“ఇజీనారం నుంచి రోడ్డు మీంచే ఒచ్చినారా బాబూ? అంత దూరం? పట్టాల్లేకుండా?” అని మా ఆయన్ని జాలిగా చూశారు.

సన్యాసమ్మగారు నన్ను చూసి నవ్వలేదు, పొమ్మనీ అనలేదు. “అన్నం తిన్నాకే ఏ మాటైనా. వసంతా, నీల్లు తే” అన్నారు. లోపల్నుంచి కాలేజీ చదువుతున్న మనవరాలు “లా రహీ హూఁ, నానీ” అంది. ఆ ఇంట్లో అమ్మమ్మ తెలుగులో పిలుస్తుంది, పిల్ల హిందీలో పలుకుతుంది, ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు.

పనసపొట్టు కూర వడ్డించారు. ఇక్కడివాళ్లు పనసకాయని పెద్ద ముక్కలు కోసి మసాలాతో మాంసంలా వండుతారు. ఈవిడ అదే కాయని పొట్టు కొట్టి, ఆవపెట్టి, మా అమ్మ చేసినట్టే చేశారు. రెండుసార్లు వేయించుకున్నాను.

“ఏ దార్న ఒచ్చినారు?” అని అడిగారు.

“ఖరగ్‌పూర్ మీదుగా.”

చారు పోస్తున్న చెయ్యి ఆగింది. “కార్లోనా? ఎందుకమ్మా?”

“పద్మావతి అలాగే కదా వెళ్లింది.”

ఆవిడ గరిటె కింద పెట్టి, మా ఎదురుగా కూర్చుని చెప్పారు. ఒకప్పుడు ఈ ఊళ్లోనే ఒక సభలో ఆ నవల గురించి మాట్లాడమని పిలిచారట. ముందు వరసలోంచి ఒకాయన లేచి, రచయిత్రిగారు జన్మలో కారెక్కారా, ఖరగ్‌పూర్‌లో ఆ కారుకి ఇంజన్ మార్చారా అన్నాడట. హాలంతా గొల్లుమంది.

“నానూ నవ్వినాను. ఏటి సేత్తాను మరి? ఇంటికొచ్చి పెన్ను తీసి పక్కనెట్టీసినాను. అప్పుడు మీ బాబాయి డూటీ మీద లైన్లో ఉన్నారు. ఆయనకి సెప్పనేలేదు.”

అప్పలనాయుడుగారు ముద్ద చేతిలో పట్టుకుని వింటున్నారు. ఆయన పుట్టింది, పెరిగింది టాటానగర్ రైల్వే కాలనీలో, చదువంతా హిందీలో. తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. భార్య రాసినవి ఒక్కటీ చదవలేదు.

“ఏటీ, ఖరగ్‌పూర్ తప్పా?” అన్నారు అయోమయంగా. “ఇజీనారం నుంచి టాటాకి ఖరగ్‌పూర్ రాకుండా మరెలగొత్తారు?”

మా ఆయనకి పొలమారింది. సన్యాసమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ రోజు ఆవిడ నవ్వగా చూడటం అదే మొదలు.

భోజనాలయ్యాక వంటింట్లో అడిగాను, రైలు గురించి అంత తెలిసినావిడ రైలు కథే రాయొచ్చు కదా, కారెందుకు అని. ఆవిడ పళ్లెం తుడిచి బోర్లించారు.

“పెల్లయిన కొత్తలో ఈయన నడిపే బండిలోనే నన్ను కాపరానికి తెచ్చినారు. ఒకటే బండి. ఇద్దరం ఒక ఊరికే ఎల్తన్నాం. ఆయన ఇంజన్లో, నాను ఎక్కడో ఎనక బోగీలో. బండి ఒంపు తిరిగినప్పుడల్లా కిటికీలోంచి సూసీదాన్ని, ఆయన సెయ్యి కనపడతాదేమోనని. ఆ తరవాత ఎన్నిసార్లు ఎల్లినా అంతే. కారైతే నడిపీవోడి పక్కనే కూకోవచ్చు కదా తల్లీ.”

“మరి మీవాళ్లెవరూ ఊరు చేరరేం?”

“సేరితే ఆయన మల్లీ డూటీకెల్పోతారు కదా.”

కాలేజీ రోజుల నుంచి నేను అందం అనుకున్న ముగింపులన్నీ ఈ మనిషి గుమ్మంలో నిలబడి చూసిన ఎదురుచూపులు.

“పుస్తకం ఎయ్యాలంటే ఒకటే మాట” అన్నారు చేతులు తుడుచుకుంటూ. “ఖరగ్‌పూర్ తీసీ. దారి దిద్దీ. మల్లీ నవ్వించుకోలేను.”

దిద్దడం నా వృత్తి. అయినా నాకు చెయ్యి రాదని తెలిసిపోయింది. ఖరగ్‌పూర్ తీస్తే అరుగు పోతుంది. అరుగు పోతే ఆ ఇద్దరూ నడవరు, నడవకపోతే ఇంక ప్రేమెక్కడ? ఆ మాటే చెప్పాను.

“అయితే ఎయ్యకు” అనేశారు.

వంతెన మీదుగా

హాల్లోంచి మా మాటలు విన్నాడేమో, సాయంత్రం అలా డిమ్నా చెరువు దాకా కారులో తిరిగొద్దామన్నాడు మా ఆయన. ఆ దంపతులిద్దరూ బజారుకి ఆటోలో వెళ్లడమే గాని, కారులో ఊరు దాటింది ఎన్నడూ లేదట.

అప్పలనాయుడుగారు తిన్నగా ముందు తలుపు తీశారు. సన్యాసమ్మగారు తిన్నగా వెనక తలుపు తీశారు. మగవాళ్లు ముందు, ఆడవాళ్లు వెనక. మన ఇళ్లలో ఎవరూ చెప్పక్కర్లేని ఏర్పాటు. నాకు ఆ బోగీ, ఆ ఇంజనూ గుర్తొచ్చాయి.

“బాబాయిగారూ, నాకు వెనక కూర్చుంటే కళ్లు తిరుగుతాయి” అని అబద్ధమాడి ముందు సీట్లో కూలబడ్డాను. ఆయన మొహమాటంగా వెనక్కెళ్లి భార్య పక్కన కూర్చున్నారు. మోకాళ్ల మీద చేతులు, చూపు నేరుగా రోడ్డు మీద.

సాక్చీ బజారు దాటుతుంటే ఒక కూడలిలో పచ్చ దీపం వెలిగింది. “గ్రీన్!” అన్నారాయన గట్టిగా. మా ఆయన ఉలిక్కిపడ్డాడు.

“అలవాటు బాబూ, ఏటీ అనుకోకు. ఇంజన్లో ఇద్దరుంటాం కదా. సిగ్నల్ కనబడితే నాను పైకి అనాల, పక్కోడు తిరిగి అనాల. ఒక్కడు సూత్తే సూసినట్టు కాదు. ఇద్దరూ అంటేనే బండి ముందుకి.” నవ్వారు. “ఇప్పుడు తిరిగి అనీవోడు లేడు.”

నేను ఒక్క కుదుపుతో వెనక్కి తిరిగాను. గేటు తెరిచుంది! మా హాస్టలంతా ఏడ్చిన ఆ మాట రైలింజన్లో డ్యూటీ మాట. సన్యాసమ్మగారు నా చూపు తప్పించుకుని కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

సువర్ణరేఖ వంతెన ముందు మళ్లీ ఆగాం. ఎర్ర దీపం. ఆటోలు, స్కూటర్లు, వాటి మధ్య మేం. పచ్చ పడింది.

“గ్రీన్” అన్నారాయన, ఈసారి నోట్లోనే.

“గ్రీన్” అన్నారు సన్యాసమ్మగారు.

తడుముకోలేదు, సిగ్గుపడలేదు, ఎన్నాళ్లుగానో అలవాటైన పనిలా అనేశారు. అప్పలనాయుడుగారు తల తిప్పి ఆమెని చూశారు.

“ఇది నీకెవులు నేర్పినారు?”

“మీరే. నిద్దట్లో” అన్నారావిడ బయటికి చూస్తూనే. “డూటీ నుంచొచ్చి పడుకుని కలవరించీవోరు. ఎవులూ తిరిగి అనకపోతే మల్లీ మల్లీ అని లేసి కూకునీవోరు. నాను అంటే అప్పుడు నిద్రపోయీవోరు. అలగ నాను అంటూనే ఉన్నాను, మీరు రిటైరయ్యీదాకా.”

వెనక బళ్లు హారన్లు మోగిస్తున్నాయి. మా ఆయన కారు కదపడం మర్చిపోయాడు.

వంతెన దాటాక అప్పలనాయుడుగారు నా సీటు మీద చెయ్యేశారు. “ఆ బుక్కులో ఇదుందేటమ్మా?” అని నన్నడిగారు.

“పుస్తకమంతా ఇదే ఉంది బాబాయిగారూ.”

“మరి నాకెందుకు సెప్పలేదు?” ఈ మాట భార్యతో.

“మీరెప్పుడు అడిగినారు?”

ఆయన “ఎయ్యనీ. వసంత సేత సదివించుకుంటాను” అన్నారు.

“దానికి తెలుగు అచ్చరాలు రావు. నానే సదివి ఇనిపిత్తాను” అన్నారు సన్యాసమ్మగారు. తర్వాత ముందుకి వంగి నా భుజం తట్టారు. “అమ్మా, ఖరగ్‌పూర్ ఉండనీ. నవ్వీవోల్లు నవ్వుతారు.”

చెరువు దగ్గర దిగుదామా అని అడిగాడు మా ఆయన. వెనక నుంచి ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు. ఇంకా కొంచెం ముందుకి పోనివ్వమన్నారు.

బహరాగోడా

తిరుగు ప్రయాణంలో బహరాగోడా దగ్గర దారి రెండుగా చీలుతుంది. కుడికి తిరిగితే బారిపదా, బాలేశ్వర్, బుద్ధున్నవాళ్ల దారి. నేరుగా పోతే ఖరగ్‌పూర్. పలాస జీడిపప్పు సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. సణిగే మనిషి పక్కన ఇన్నేళ్లుగా కూర్చుంటున్నాను గాని, అది కూర్చోదగ్గ చోటని నాకెప్పుడూ తోచలేదు.

కూడలి దగ్గర మా ఆయన కారు పక్కకి తీసి ఆపాడు. మ్యాపు కుడికి తిరగమని ఒకటే గోల. ఆయన ఫోన్ బోర్లా పెట్టేసి, నేరుగా ఖరగ్‌పూర్ వైపు చూస్తూ, “గేటు తెరిచుంది” అన్నాడు.

ఒక్క క్షణం ఆగాను. ఆయన నిజంగానే కారు కదపలేదు.

“తెరిచుంది” అన్నాను.